ప్లైవుడ్ పడవా, ఉక్కు పడవా, పాత ఫైబర్ పడవా: సొంతంగా కట్టుకునేవారికి ఏది మేలు?

ఫ్రాన్స్‌లో తెరచాప పడవ నడపడానికి లైసెన్సు అక్కరలేదు. ఆరు హార్స్‌పవర్‌కు మించిన ఇంజనుతో నడిచే మోటారు పడవకు పరీక్ష రాసి అనుమతి పత్రం తీసుకోవాలి గాని, గాలినే నమ్ముకున్న పడవకు, అది ఎంత పొడవున్నా, ఏ సముద్రం దాటబోతున్నా, ఆ నిబంధన వర్తించదు. ఈ వెసులుబాటుకు వాయవ్య తీరంలోని బ్రిటనీ రేవుల పాత నౌకా సంప్రదాయం తోడవడంతో, తమ పడవను ఇంటి వెనక కొట్టంలో తామే కట్టుకోవాలనుకునే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మెకానిక్కులు ఆ దేశంలో డెబ్బై ఏళ్లకు పైగా కనిపిస్తూనే ఉన్నారు. వారి ముందున్న దారులు ముఖ్యంగా మూడు: ప్లైవుడ్, ఎపాక్సీ అనే గట్టి రసాయన జిగురులతో చెక్క పడవ కట్టడం; ఉక్కు రేకులను వెల్డింగ్ చేసి పెద్ద పడవ కట్టడం; ఎవరో వాడి వదిలేసిన పాత ఫైబర్ పడవను కొని బాగుచేసుకోవడం. వీటిలో ఏది మేలన్న వాదన ఎప్పుడూ పదార్థం చుట్టూనే తిరుగుతుంది. కాని ఫ్రెంచి అనుభవాన్ని దగ్గరగా చూస్తే, పడవ దేనితో కట్టారన్న దానికన్నా ఎంత పొడవు కట్టబూనారన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించినట్టు తోస్తుంది.

మొదటి దారికి పునాది 1947లో పడింది. యుద్ధకాలంలో నాజీలపై రహస్య ప్రతిఘటనలో పనిచేసిన ఫిలిప్ వియానే, ఆయన భార్య ఎలెన్ కలిసి బ్రిటనీ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న గ్లెనాన్ దీవులలో ఒక శిబిరం స్థాపించారు. అదే తర్వాత గ్లెనాన్ నౌకాయాన పాఠశాలగా పేరుపడింది. పడవ విహారం అప్పటికి డబ్బున్నవారి సరదా. వేలమంది యువతకు నేర్పాలంటే చౌకైన, గట్టి, చిన్న పడవ కావాలి. అటువంటిదాన్ని రూపొందించే పనిని వియానే అప్పగించిన వ్యక్తి జాఁ జాక్ ఎర్బులో. ఆయన ఒలింపిక్ పోటీల్లో పాల్గొన్న నావికుడు, వృత్తిరీత్యా వాస్తుశిల్పి. 1952లో వెలువడిన ఆ పడవ పేరు వోరియాన్, పొడవు 4.08 మీటర్లు. రెండు సైకిళ్ల ధరకు మించకూడదన్నది దాని మీద పెట్టుకున్న షరతని ఇప్పటికీ చెప్పుకుంటారు.

వోరియాన్ విజయానికి కారణం దాని వేగం కాదు, దాన్ని కట్టే పద్ధతి. అంతకుముందు పడవ అంటే వంపు తిరిగిన పక్కటెముకల మీద సన్నని పలకలను ఒక్కొక్కటిగా వంచి బిగించేది. ఆ పనికి చేయి తిరిగిన వడ్రంగి, ఎంచుకున్న కలప, ఏళ్ల అనుభవం కావాలి. యుద్ధం తర్వాత నీటికి విడిపోని జిగురుతో చేసిన ప్లైవుడ్ విరివిగా దొరకడంతో, పడవను నాలుగైదు చదునైన ముక్కలుగా కోసి, కోణపు అంచుల వద్ద కలిపితే చాలునని ఎర్బులో చూపించాడు. రంపం, బరమా, కొలబద్ద వాడటం తెలిసినవాడు ఆ పని చేయగలడు. 1954లో ఆయనే గీసిన 5.50 మీటర్ల కొర్సేర్ మీద చిన్న గది కూడా ఉండటంతో ఇద్దరు ముగ్గురు రాత్రి గడపగలిగేవారు. 1963లో గ్లెనాన్ శిక్షకుల నుంచే వచ్చిన ఫిలిప్ ఆర్లే 6.40 మీటర్ల ముస్కాదేను గీశాడు. నాంత్ పక్కనున్న రెజేలో ఓబాన్ కార్ఖానా అలాంటివి సుమారు 750 కట్టింది. 1977లో ఆరున్నర మీటర్ల లోపు పడవలతో ఒంటరిగా అట్లాంటిక్ దాటే మినీ ట్రాన్సాట్ పందెం మొదలైనప్పుడు, కోణాలు తేలిన ఈ ప్లైవుడ్ పెట్టెలే కొన్ని అందులో పాల్గొన్నాయి. చిన్న పడవను తక్కువ చేసి మాట్లాడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నేడు ఈ దారిలో అడుగుపెట్టేవారికి ఎర్బులో కాలం కంటే పని తేలికైంది. ఫ్రాన్స్వా వివియే రూపొందించిన ఇలూర్ అందుకు మంచి ఉదాహరణ. బ్రిటనీ జాలరుల పాత పడవల తీరును పోలిన ఈ 4.44 మీటర్ల మూతలేని పడవ తెరచాపతోను, తెడ్లతోను నడుస్తుంది. పలకల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పేర్చి ఎపాక్సీతో అతికిస్తారు కాబట్టి లోపలి ఎముకల సంఖ్య తగ్గుతుంది, పైకి మాత్రం పాత కాలపు పడవలాగే కనిపిస్తుంది. నక్షలు కొని ముక్కలను స్వయంగా గీసి కోసుకోవచ్చు, లేదా కంప్యూటర్ నడిపే యంత్రం కోసిన ముక్కలను కిట్‌గా తెప్పించుకోవచ్చు. కిట్ తీసుకుంటే ఆకారం తప్పిపోయే భయం పోతుంది; కొత్తవారికి నేను కిట్‌నే సూచిస్తాను, ఎందుకంటే గీతలు పెద్దవి చేసుకుని కోయడంలో ఖర్చయ్యే వారాలలో నేర్చుకునేది తక్కువ, విసిగిపోయేది ఎక్కువ. ఇలాంటి పడవలన్నీ ఒక్కచోట చూడాలంటే మోర్బియాన్ ఖాతంలో రెండేళ్లకొకసారి, బేసి సంఖ్య సంవత్సరాలలో, జరిగే సెమెన్ ద్యు గోల్ఫ్ ఉత్సవానికి వెళ్లాలి. సముద్రపు పోటుపాట్లు బలంగా లాగే ఆ ఇరుకు నీళ్లలో పెద్ద కీల్ (అడుగున కిందికి దిగే బరువైన రెక్క) ఉన్న పడవలు జాగ్రత్తగా దారి వెతుక్కుంటుంటే, లోతు తక్కువ చాలే ఈ చిన్న పడవలు ఇసుక మేటల మీదకు ఎక్కి, పోటు తగ్గాక ఒడ్డునే కూర్చుంటాయి.

ప్లైవుడ్‌కు దాని కష్టాలు దానికున్నాయి. ఫ్రాన్స్‌లో పడవలకు ఎక్కువగా వాడే ప్లైవుడ్ ఆఫ్రికాలోని గాబాన్ నుంచి వచ్చే ఓకుమే కలపతో చేసినది. తేలికగా ఉంటుంది, సులువుగా వంగుతుంది, కాని పురుగుకు, కుళ్లుకు తట్టుకునే శక్తి దానికి స్వతహాగా అంతగా లేదు. ముక్కల కోసిన అంచులు నీటిని పీలుస్తాయి కాబట్టి ప్రతి అంచుకు, ప్రతి మేకు రంధ్రానికి ఎపాక్సీ పట్టించాలి. ఇక్కడ చాలామంది ఊహించని విషయం ఒకటుంది: చెక్కకు ఉప్పునీటి కన్నా వాననీరు పెద్ద శత్రువు. సముద్రంలో నెలల తరబడి ఉన్న పడవ చెడకపోవచ్చు గాని, గాలి ఆడని మూత కింద, అడుగున వాననీరు నిలిచిన పడవ రెండు శీతాకాలాల్లో కుళ్లడం మొదలుపెడుతుంది. ఎపాక్సీ విషయంలోనూ నిర్లక్ష్యం పనికిరాదు. అది గట్టిపడాలంటే తగిన వెచ్చదనం ఉండాలి. వేడి చేయని బ్రిటనీ కొట్టాల్లో శీతాకాలమంతా పని ఆగిపోవడం మామూలే. చర్మానికి పదేపదే తగిలితే కొందరికి జీవితాంతం వదలని అలర్జీ పట్టుకుంటుంది, కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

రెండో దారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే పేరు బెర్నార్ మ్వాతెసియే. హనోయ్‌లో పుట్టి, ఇండోచైనాలో పెరిగిన ఈ నావికుడు ఒక పడవను 1952లో హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల పగడపు దిబ్బల మీద పోగొట్టుకున్నాడు. మారిషస్‌లో తన చేతులతో కట్టుకున్న మరో చెక్క పడవ 1958లో కరీబియన్ దీవుల రాళ్ల మీద పగిలిపోయింది. రెండు పడవలు పోగొట్టుకున్న మనిషి ఈసారి ఉక్కును ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. జాఁ క్నోకెర్ గీసిన నక్షల ప్రకారం, సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న షోఫాయ్ పట్టణంలో, జాఁ ఫ్రికో నడిపే మెటా కార్ఖానాలో ఆ పడవ తయారైంది. పేరు జాషువా, పొడవు సుమారు 12 మీటర్లు. తెరచాపలు నిలబెట్టిన స్తంభాలు టెలిఫోన్ స్తంభాలే. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెం 1968లో మొదలైంది; అందులో గెలిచే అవకాశం ఉండగానే, మ్వాతెసియే ఇంగ్లండుకు తిరిగి రాకుండా పందెం వదిలేసి పసిఫిక్ మహాసముద్రంలోని తహితీ దీవికి సాగిపోవడంతో జాషువా ఒక తరం ఫ్రెంచి యువకుల కలలోకి చేరింది. 1982లో మెక్సికో తీరంలో తుపాను ఆ పడవను ఒడ్డుకు విసిరేసింది. స్తంభాలు పోయాయి, లోపలంతా ఇసుక నిండింది, కాని ఉక్కు దేహం నిలిచింది. చేతులు మారి, మరమ్మతు పొంది, చివరకు లా రొషెల్ నౌకా మ్యూజియం చేతికి వచ్చింది, నేటికీ నీటి మీదే ఉంది. అదే ఒడ్డున చెక్క పడవ పడి ఉంటే మిగిలేవి చీలికలే.

ఈ కథ విని ఉక్కు వైపు మొగ్గేవారికి రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, ఉక్కు కాపాడేది పడవ దేహాన్నే. 2018లో ఫ్రాన్స్‌లోని లే సాబ్ల్ దొలోన్ నుంచి బయలుదేరిన కొత్త గోల్డెన్ గ్లోబ్ పందెంలో మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ గోవాలో కట్టిన చెక్క పడవతో పాల్గొన్నాడు. హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో తుపాను ఆ పడవను తిరగేసి స్తంభాలు విరిచింది, ఆయన వెన్ను దెబ్బతింది. ఒక ఫ్రెంచి మత్స్య పర్యవేక్షణ నౌక వెళ్లి కాపాడింది. అదే తుపానులో మరో పోటీదారుడి ఫైబర్ పడవ కూడా స్తంభాలు పోగొట్టుకుంది. రెండు పడవల దేహాలు తేలుతూనే ఉన్నాయి. అంటే అలల మధ్య బోల్తా పడటమే ప్రమాదమైనప్పుడు దేహం దేనితో చేసిందన్నది పెద్దగా తేడా తేదు. ఉక్కు గొప్పతనం రాళ్ల మీద, మంచు ముక్కల మధ్య, నీట తేలే దుంగలను గుద్దుకున్నప్పుడు తెలుస్తుంది. అటువంటి చోట్లకు పోయేవారు ఎందరో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.

రెండోది బరువు. ఆరు మిల్లీమీటర్ల ఓకుమే ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు మూడు కిలోలు తూగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల ఉక్కు రేకు అదే వైశాల్యానికి ముప్పై ఒక్క కిలోలు. రేకును మరీ పలుచన చేస్తే వెల్డింగ్ వేడికి అది ముడుచుకుని అలలు తేలుతుంది, తుప్పుకు తినడానికి మందమూ మిగలదు. అందుకే తొమ్మిది పది మీటర్ల లోపు పడవను ఉక్కుతో కట్టడం అర్థంలేని పని. ఉక్కును ఎంచుకోవడమంటే తెలియకుండానే పెద్ద పడవను ఎంచుకోవడం, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆకారం మారకుండా పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ లెక్కన ఇలూర్‌కు, జాషువాకు మధ్య పొడవులో తేడా మూడు రెట్ల లోపే అయినా, ఎత్తాల్సిన, కోయాల్సిన, రుద్దాల్సిన, కొనాల్సిన సరుకులో తేడా సుమారు ఇరవై రెట్లు.

వెల్డింగ్ నేర్చుకోవడం నిజంగా అంత కష్టం కాదు. చదునైన రేకులతో, కోణపు అంచులతో ఔత్సాహికులు కట్టుకోగల ఉక్కు పడవల నక్షలను జిల్బెర్ కారోఫ్ వంటి నౌకా రూపశిల్పులు గీసిపెట్టారు. రేకులు నిలబెట్టే దశ ఊహించిన దానికన్నా తొందరగానే ముగుస్తుంది. కొన్ని నెలలకే పడవ ఆకారం కళ్లముందు నిలబడటంతో పని సగం అయిపోయిందన్న భ్రమ కలుగుతుంది. తర్వాత వచ్చేవి ఇసుకతో రాపిడి కొట్టించి తుప్పు పొర తీయడం, పొరలు పొరలుగా పెయింటు వేయడం, లోపల తేమ పేరుకోకుండా ఇన్సులేషన్ అంటించడం, ఆపైన వడ్రంగం, నీటి గొట్టాలు, విద్యుత్ తీగలు, ఇంజను, స్తంభాలు, తెరచాపలు. పెద్ద పడవ మొత్తం ఖర్చులో దేహం వాటా మూడోవంతు మాత్రమేనన్నది కట్టినవారి మధ్య వాడుకలో ఉన్న లెక్క. ఉక్కు పడవ తుప్పుపట్టి చావడం కూడా బయటినుంచి కాదు, లోపలినుంచే. మంచాల కింద, ఇంజను అడుగున, చేయి దూరని మూలల్లో నిలిచిన తడి దాన్ని తినేస్తుంది. కాబట్టి ప్రతి మూలా చూడటానికి, రంగు వేయడానికి వీలుండేలా లోపలి చెక్కపనిని విప్పదీసేటట్టు బిగించడం మొదటి రోజునుంచీ ఆలోచించాల్సిన విషయం.

అల్యూమినియం గురించి ఎక్కువ చెప్పను. ఉక్కులో మూడోవంతు బరువుతో, దాదాపు తుప్పు బెడద లేకుండా ఉండే ఈ లోహంతో దూర ప్రయాణాల పడవలు కట్టడంలో ఫ్రెంచి కార్ఖానాలకు మంచి పేరుంది. కాని గాలి వీచే కొట్టంలో దాని వెల్డింగ్ కుదరదు, ఆర్గాన్ వాయువు కాపుదలలో నేర్పుగా చేయాలి. రాగి కలిసిన పెయింటు పూసినా, విద్యుత్ తీగల బిగింపు తప్పినా లోహం గుంటలు పడుతుంది. ఔత్సాహికుడికి అది మొదటి పడవ కాదు. సిమెంటు పడవలు మరో వింత. ఇనుప వలకు సిమెంటు మెత్తి పడవ చేయవచ్చని 1848లోనే దక్షిణ ఫ్రాన్స్‌లో జోసెఫ్ లూయీ లాంబో చేసి చూపించాడు. 1855 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని ప్రదర్శించాడు, ఆయన చేసిన పడవ ఒకటి బ్రిన్యోల్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1970లలో చౌకదనం చూసి కొందరు మళ్లీ ఆ దారి పట్టారు. లోపల వల తుప్పుపట్టిందో లేదో తెలుసుకునే మార్గం లేకపోవడంతో అటువంటి పడవను తర్వాత కొనేవారు దొరకడం కష్టం. ఆ దారిని ఎవరికీ సూచించలేను.

మూడో దారిలో ఉత్సాహం తక్కువ, లాభం ఎక్కువ. 1960ల చివరి నుంచి ఫ్రెంచి కర్మాగారాలు పాలియెస్టర్ ఫైబర్ పడవలను పెద్ద సంఖ్యలో తయారుచేశాయి. అవి కుళ్లవు, తుప్పుపట్టవు, అంత తేలిగ్గా చావవు కూడా; యజమానులు ముసలివారై వదిలేసినవి రేవుల్లో చోటు ఆక్రమించి కదలకుండా పడి ఉంటాయి. వాటిని విడగొట్టి తీసేయడానికి 2019 నుంచి దేశవ్యాప్తంగా ప్రత్యేక వ్యవస్థే నడుస్తోంది. అందువల్ల ఏడెనిమిది మీటర్ల పాత పడవను, కొత్తదాని తెరచాపల ఖర్చుకే కొనగలిగే సందర్భాలు వస్తాయి. కొనేముందు చూడాల్సినవి కొన్నే: దేహం మీద ద్రవం నిండిన బొబ్బలు లేచాయా, పైతట్టు మీద నడిస్తే మెత్తగా దిగుతోందా, కీల్ కలిసేచోట పగుళ్లున్నాయా, స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగలు ఎంత పాతవి, ఇంజను పొగ ఏ రంగులో ఉంది. బొబ్బలు చాలావరకు భయపెట్టేంతవి కావు. పైతట్టు లోపలి బాల్సా చెక్క తడిసి కుళ్లి ఉంటేనే వెనక్కి తిరగాలి.

బాగుచేయడం కట్టడం కాదని చిన్నచూపు చూసేవారికి ప్రసిద్ధ ఫ్రెంచి నావికుడు ఎరిక్ తబార్లీ చేసిన పనే సమాధానం. స్కాట్లండు రూపశిల్పి విలియం ఫైఫ్ గీసిన, 1898 నాటి పెన్ ద్యుయిక్ అనే పడవను తండ్రి నుంచి పొందినప్పుడు దాని చెక్క దేహం కుళ్లిపోయి ఉంది. మరమ్మతుకు లొంగదని తేలాక, 1958లో లా త్రినితే సుర్ మేర్‌లోని కొస్తాంతినీ సోదరుల కార్ఖానాలో ఆ కుళ్లిన దేహాన్నే బోర్లించి అచ్చుగా వాడి, దానిమీద ఫైబర్ గుడ్డను పాలియెస్టర్‌తో పొరలు పొరలుగా పరిచి కొత్త దేహం తీశాడు. అంత పొడవున్న ఫైబర్ దేహం అప్పటికి అరుదు. 1964లో ఆయన ఒంటరిగా అట్లాంటిక్ దాటే పందెం గెలిచింది మాత్రం పెన్ ద్యుయిక్ 2 మీద, అది 13.60 మీటర్ల ప్లైవుడ్ పడవ. ఒకే మనిషి ఒకదాన్ని బాగుచేసి, మరొకదాన్ని చెక్కతో కట్టించి, తర్వాతివాటికి అల్యూమినియం కూడా వాడాడు. పదార్థాన్ని మతంలా పట్టుకున్నవాడు కాడు.

చట్టం వైపు నుంచి కూడా మూడు దారులూ ఒకటి కావు. యూరోపియన్ యూనియన్ 2013/53 ఆదేశం ప్రకారం రెండున్నర నుంచి ఇరవై నాలుగు మీటర్ల మధ్య పడవను అమ్మాలంటే యూనియన్ ప్రమాణాలకు తగినదని చూపే సీఈ గుర్తు ఉండాలి. సొంత వాడకం కోసం కట్టుకున్న పడవకు మినహాయింపు ఉంది, కాని నీటిలోకి దింపినప్పటినుంచి ఐదేళ్లపాటు దాన్ని మార్కెట్లో అమ్మకూడదు. నాలుగు మీటర్ల చెక్క పడవకు ఇది బాధ కాదు, కొట్టంలో చోటు తప్ప దానికి ఖర్చు లేదు. పన్నెండు మీటర్ల ఉక్కు పడవ పూర్తయ్యాక ఉద్యోగం పోయినా, ఆరోగ్యం చెడినా, భార్యాభర్తలు విడిపోయినా, రేవు అద్దె కడుతూ ఆ ఐదేళ్లు గడపాల్సిందే. ఆ తర్వాత కూడా, తెలియని వ్యక్తి వెల్డింగ్ చేసిన పడవకు బీమా ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి, కొనేవారు బేరమాడతారు. కర్మాగారపు పాత పడవకు ఈ చిక్కు లేదు, ఎప్పుడైనా ఎంతో కొంతకు అమ్ముడవుతుంది.

ఇన్ని చూశాక నా తీర్పు దాపరికం లేకుండా చెబుతాను. వచ్చే వేసవికే సముద్రం మీద ఉండాలనుకునేవారు, కుటుంబంతో తీరం వెంట వారాలు గడపాలనుకునేవారు కట్టడం మాట మరచి పాత ఫైబర్ పడవ కొనాలి. కట్టి ఆదా చేద్దామనుకోవడం ఈ పరిమాణంలో ఎక్కడా నిజం కాదు. పని చేయడంలోనే ఆనందం ఉన్నవారికి, చేతిపని నేర్చుకోవాలనుకునేవారికి ఐదు మీటర్ల లోపు ప్లైవుడ్ పడవకు సాటి లేదు: అది పూర్తవుతుంది, కారు వెనక ట్రైలర్ మీద పోతుంది, రేవు అద్దె అడగదు. ఈ రెండింటి మధ్య ఒక సందు కూడా ఉంది. చెక్కపని రుచి, సముద్రం లోతు రెండూ కావాలనుకునేవారు పాత ముస్కాదే ఒకటి కొని కుళ్లిన పలకలు మార్చుకోవచ్చు. ఆకారం ఎవరో సరిగ్గా గీసి పెట్టిందే కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ, దాని యజమానుల సంఘమూ చురుకైనది.

ఉక్కు మాత్రం, వెల్డింగ్ వృత్తిగానో దగ్గరి అలవాటుగానో ఉన్నవారికి, పైన కప్పు ఉన్న విశాలమైన చోటు ఏళ్లపాటు సొంతంగా వాడుకోగలిగేవారికి, కట్టాక నిజంగానే దక్షిణ అమెరికా దక్షిణ కొసనున్న పటగోనియాకో పగడపు దీవులకో వెళ్లబోయేవారికి తగినది. అటువంటివారు కూడా మొదటి రేకు కొనకముందు, లంగరు వేసిన పడవనుంచి ఒడ్డుకు చేరడానికి వాడే రెండున్నర మీటర్ల చిన్న పడవను ప్లైవుడ్‌తో కట్టి చూడటం మంచిది. ఉక్కు పడవకు అది ఎలాగూ కావాలి. శీతాకాలం గడిచేసరికి అది పూర్తి కాలేదంటే, పన్నెండు మీటర్ల నక్షల కోసం ఉత్తరం రాయడం వాయిదా వేయవచ్చు.